ముక్కు పరీక్ష

నీలం తాత అసలు పేరు ఆయన మెడలో వేలాడే కార్డుకి తప్ప ఎవరికీ గుర్తులేదు. విమానాల మరుగుదొడ్లలో పోసే నీలం మందు ఇరవై ఆరేళ్లుగా ఆయన చొక్కాల మీద చిందుతూనే ఉంది. ఉతికి ఉతికి బామ్మ చేతులు అరిగాయి గానీ ఆ మరకలు అరగలేదు.

విమానం ఆగి జనం దిగుతుంటే తాత బండి దాని తోక కిందికి చేరేది. అక్కడి చిన్న మూత తెరిచి, ఏనుగు తొండమంత గొట్టం తగిలించి, పిడి లాగేవాడు. పైవాళ్లు వదిలిందంతా దడదడా బండిలోకి దిగేది. తర్వాత తొట్టి కడిగి, నీలం మందు ఎక్కించి, మూత బిగించి మూడుసార్లు తడిమి చూసేవాడు. పెళ్లైన కొత్తలో బామ్మ ముఖాన్ని కూడా అంత శ్రద్ధగా చూడలేదట.

తాగే నీళ్లు నింపే బండి వేరు. మరుగుదొడ్ల బండివాడు దాన్ని ముట్టుకోకూడదన్నది రూలు. నీళ్ల బండివాళ్లు భోజనానికి వేరే బల్ల దగ్గర కూర్చునేవారు; అది మాత్రం ఏ రూలులోనూ లేదు. గొట్టం మోసి తాత నడుము వంగింది. ఉద్యోగంలో మిగిలిన రెండేళ్లైనా నీళ్ల బండి మీద చేసి, ఆ బల్ల దగ్గర అన్నం తినాలన్నదే ఆయన కోరిక. ఆరో అర్జీకి సూపర్‌వైజర్ పిలిచాడు.

"ఏం తాతా, నీళ్లకి మారతావా?"

"మారతా సారూ. నీళ్లు మంచివో కావో కాగితం ముంచి రంగు చూడ్డం కూడా నేర్చుకున్నా."

"రంగు సరే. నింపేముందు వాసన కూడా చూడాలిగా. ఈ మూడు గ్లాసుల్లో పాడైంది ఏదో చెప్పు."

తాత ముక్కు పనిచేయడం మానేసి పదేళ్లైంది. ఆ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు. సూపర్‌వైజర్ మూడో గ్లాసును రెండు వేళ్లతో పట్టుకుని, ముఖం పక్కకి తిప్పుకుని అందించాడు. ఆ ముఖం చూసినా జవాబు తెలిసిపోయేది. కానీ మహా తెలిసినవాడిలా తాత కళ్లు మూసుకుని పీల్చాడాయె!

"మూడూ బంగారంలా ఉన్నాయి సారూ."

"మూడోది మురిగిపోయింది తాతా. నాకు కడుపులో తిప్పుతోంది."

"జలుబు చేసింది..."

"ఎన్నేళ్ల నుంచి?"

తాత మూడో గ్లాసును మిగతా రెండింటి పక్కన పెట్టేశాడు.

"పోనీలే. నీ బండికి ఇలాంటి ముక్కే కావాలి. నిన్నెలా వదులుకుంటా?" అని సూపర్‌వైజర్ భుజం తట్టాడు. మంచిమాటే అన్నాననుకున్నాడు.

తాత ఇంటికొచ్చి వంటింటి గడప మీద కూలబడ్డాడు. పొయ్యి మీద కూర పెట్టి పెరట్లో బట్టలారేస్తున్న బామ్మ రోజూ అడిగినట్టే అడిగింది.

"ఏమయ్యా, కూరెలా ఉంది?"

"గుమగుమలాడుతోందే," అన్నాడు, పదేళ్లుగా అంటున్నట్టే.

బామ్మ లోపలికొచ్చి మూత తీసింది. కూర అడుగంటి నల్లగా మాడిపోయి ఉంది.

"గుమగుమా? బొగ్గైపోయింది! ముక్కుందా లేదా నీకు?"

"లేదే," అన్నాడు తాత. "పదేళ్లైంది. నీళ్ల బండి ఇవ్వరట."

బామ్మ గరిటెతో అడుగు గీకి రెండు కంచాల్లో వడ్డించింది. మాడినదాన్నే ఇద్దరూ తిన్నారు.

ఆ తర్వాత కూరెలా ఉందని ఆవిడ ఎప్పుడూ అడగలేదు.