కిటికీ మీది గొంగడి

మా అమ్మ చనిపోయినప్పుడు నాకు ఏడో నెల. కడుపుతో ఉన్నవాళ్లు శవాన్ని చూడకూడదని, జనగామలో మా ఇంటికి రెండిళ్ల ఇవతలే నన్ను ఆపేశారు. ఆ ఇంటివాళ్లు నన్ను లోపలి గదిలో కూర్చోబెట్టి తలుపు వేశారు, కిటికీ రెక్కలు కూడా మూశారు. డప్పుల చప్పుడు దగ్గరికొచ్చింది, గుమ్మం ముందు నుంచి సాగింది, దూరమైంది. మా అమ్మ చివరి ప్రయాణం గురించి నాకు తెలిసింది ఆ చప్పుడొక్కటే. తర్వాత నా కూతురి నిద్ర విషయంలో నేనొక తప్పు చేశాను. దానికీ ఆ గదికీ ఏదో సంబంధం ఉందని చాలా రోజులకు గాని నాకు అర్థం కాలేదు.

తొలి కాన్పు తల్లిగారింట్లో జరగాలి. తల్లి లేదు కనుక మహబూబాబాద్ దవాఖానలో జరిగింది. మా అత్తమ్మది నర్సింహులపేట. ఇరవై ఒకటో రోజున అక్కడే తొట్టెల వేసి, పిల్లకు పేరు పెట్టి, మరో వారం ఉంచుకుని మమ్మల్ని భూపాలపల్లికి పంపించింది. "మిరపతోట ఏరుడు అయిపోనియ్యి బిడ్డా, ఉరికొస్త" అంది. ఆమె మీద నాకు కోపం రాలేదు. ఎర్రబడిన మిరపకాయ బాలింత కోసం ఆగదు.

భూపాలపల్లిలో మా ఆయన బొగ్గు గనిలో పని చేస్తాడు. భూమి కింద, బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా బోల్టులు బిగించే పని. వారానికో షిఫ్టు మారుతుంది. రాత్రి షిఫ్టు వారంలో పదిన్నరకు ఇంట్లోంచి పోతే పొద్దున ఎనిమిదికి వస్తాడు, స్నానం చేసి, తిని పడుకుంటాడు. మా క్వార్టర్ల లైనులో దీనికొక పద్ధతి ఉంది. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మనిషి బూట్లు గడప బయట పెడతారు. బూట్లు కనబడితే పాలాయన బెల్లు కొట్టడు, కూరగాయల బండివాడు కేకెయ్యడు, పిల్లలు బంతి పట్టుకుని పక్క లైనుకు పోతారు. ఇంటి ఇల్లాలు రెండు దాటితే తప్ప కుక్కరు పెట్టదు. ఎవరూ రాసిపెట్టింది కాదు, ఎవరూ తప్పేదీ కాదు. లోపలి గది కిటికీకి మేము ఒక నల్ల గొంగడి మేకులతో బిగించాం. తలుపు వేస్తే పట్టపగలు కూడా చెయ్యి కనబడేది కాదు.

నేను పిల్లనెత్తుకుని వచ్చేసరికి ఆయనది రాత్రి షిఫ్టు. తొట్టెల పనులకని సెలవు పెట్టినందుకు బదులుగా తోటి కార్మికుడి రాత్రి షిఫ్టులు కూడా తానే చేస్తానని ఒప్పుకున్నాడు. అలా వరసగా మూడు వారాలు రాత్రి షిఫ్టే చేశాడు. పగలు ముగ్గురం ఆ చీకటి గదిలోనే. పిల్ల కూడా హాయిగా పడుకునేది. పొద్దున తొమ్మిదికి కళ్లు మూస్తే, పాలకు తప్ప సాయంత్రం దాకా కదిలేది కాదు. ఎంత మంచి పిల్ల, తండ్రి నిద్ర చెడగొట్టదు అని మురిసిపోయాం. రాత్రి ఆయన పోయాక కళ్లు విప్పేది. తెల్లారేదాకా మూసేది కాదు. ఇద్దరమే కనుక అది కష్టంగా తోచలేదు. ఆమెను కాళ్ల మీద వేసుకుని మా అమ్మ గురించి చెప్పేదాన్ని. అమ్మ సర్వపిండి ఎలా ఒత్తేది, బస్సులో సీటు కోసం కిటికీలోంచి చేతిరుమాలు ఎలా విసిరేది, నేను పుస్తకం పట్టుకుంటే "గింత చదివి ఏం జేస్తవే" అంటూనే దీపం నా వైపు ఎలా జరిపేది. పిల్ల రెప్ప వాల్చకుండా వినేది.

నాలుగో వారం ఆయనకు పొద్దుటి షిఫ్టు వచ్చింది. అప్పుడు తెలిసింది మేమేం చేసుకున్నామో. రాత్రి పది నుంచి పిల్ల ఏడుపు. ఆయన తెల్లవారుజామున ఐదింటికి లేవాలి. ఎత్తుకుని బయట తిరిగేవాడు, మళ్లీ వచ్చి పడుకునేవాడు, మళ్లీ లేచేవాడు. మధ్యాహ్నం నాలుగింటికి ఇంటికొచ్చి పడిపోయేవాడు. ఆయన పడుకుంటాడని నేను మళ్లీ తలుపు వేసి, గొంగడి సర్ది, పిల్లనూ పక్కన వేసేదాన్ని. ఆమె చీకటి పడేదాకా నిద్రపోయేది. రాత్రికి మళ్లీ అదే కథ.

నాకు తెలిసిన దారి చదవడం. ఫోన్లో దొరికిందల్లా చదివాను. గది చీకటిగా ఉంచమన్నారు, చప్పుడు కాకుండా చూడమన్నారు. అవి రెండూ మా ఇంట్లో ఇరవై నాలుగు గంటలూ ఉన్నాయి. అత్తమ్మను అడిగితే ఉప్పూ మిరపకాయలూ దిగదుడవమంది. మిరపకాయలకు కొరత లేదు కనుక దిగదుడిచాను. పిల్ల తుమ్మింది, పడుకోలేదు.

ఒక రోజు బాపుకు ఫోన్ చేశాను. అమ్మ పోయాక ఆయన జనగామలో ఒక్కడే ఉంటున్నాడు.

"బాపూ, నేను గింత ఉన్నప్పుడు రాత్రిళ్లు పండుకునేదాన్నా?"

"నాకేమెరుక బిడ్డా" అన్నాడు. "నువ్వు లేస్తే మీ అమ్మ లేస్తుండె. నేను గుర్రు పెడుతుంటి. గదంత ఆమెకే ఎరుక."

నా మొదటి సంవత్సరం గురించి తెలిసిన మనిషి ఒక్కతే ఉండేది. నాకు అడగాలని తోచేసరికి ఆమె లేదు.

తర్వాతి వారం రెండో షిఫ్టు, ఆ తర్వాత రాత్రి షిఫ్టు ఎలాగో గడిచాయి. మళ్లీ పొద్దుటి షిఫ్టు వచ్చిన మూడో రోజున ఆయన ఇంటికొచ్చి అన్నం కలుపుకుంటూ నవ్వుతూ చెప్పాడు.

"ఇయ్యాల కూసున్నకాడనే కన్నంటుకున్నది. పైన ఇంక బోల్టు కొట్టలే. జోడీదారు చూసి నడుం బెల్టు పట్టి గుంజిండు. 'ఇంట్ల బిడ్డ పండనిస్తలేదని ఈడ బండ కింద పంటవారా' అని తిట్టిండు."

"బండ పడ్డదా?" అన్నాను.

"పడలే. పడితే నేను చెప్పేటోన్నా?"

నాకు నవ్వు రాలేదు. ఆయన కూడా నవ్వు ఆపేశాడు. నా వైపు చూడకుండా అన్నాడు: "నెల రోజులు నర్సింహులపేట పోరాదూ? అవ్వ ఉంటది, నలుగురుంటరు. గిట్లనే ఉంటే నాతోని కాదు."

అది న్యాయమే. నేను కాదనలేదు. ఆదివారం ప్రయాణమని అనుకున్నాం. కాని నాకు పోవాలని లేదు. మా అమ్మ చివరి ప్రయాణం నేను రెండిళ్ల ఇవతల ఉండగానే సాగిపోయింది. ఈ మనిషి రోజూ భూమి కిందికి దిగుతాడు, నేను మరో ఊళ్లో కూర్చుని ఫోన్ కోసం చూడాలి. ఆ మాట బయటికి అనలేక బట్టలు సర్దడం మొదలుపెట్టాను.

శుక్రవారం పగలు పదకొండింటికి పక్క క్వార్టరు ఖాలా వచ్చింది. ఖాలా అంటే పిన్ని. లైనులో హిందువులం, ముస్లింలం అందరం ఆమెను అలాగే పిలుస్తాం. భర్త ముప్పై ఏళ్లు గనిలో చేసి పోయాడు. ఇప్పుడు కొడుకు గని ఆఫీసులో పగటి జనరల్ షిఫ్టు చేస్తాడు. చేతిలో షీర్ ఖుర్మా పాయసం గిన్నెతో గుమ్మంలో నిలబడి, గొంతు తగ్గించకుండా అంది:

"ఏందే బిడ్డా, బూట్లు లెవ్వు గద బయట. మరి ఇల్లు గిట్లెందుకున్నది, ఎవలో సచ్చినట్టు?"

అన్నాక గుర్తొచ్చింది. గిన్నె కింద పెట్టి రెండు చెంపలూ వాయించుకుంది. "తౌబా, తౌబా. నా నోట్ల మన్ను పడ. నీకు అమ్మ పోయె గద, మర్శిన బిడ్డా, మాఫ్ చెయ్."

"పర్వాలేదు ఖాలా" అన్నాను. నిజంగానే పర్వాలేదు. నాలుగు నెలలుగా ఎవరూ ఆ మాట నా ముందు అనలేదు.

ఆమె లోపలి గదిలోకి తొంగి చూసింది. మంచం మీద పిల్ల నిద్రపోతోంది. సంగతంతా చెప్పాను, ఆదివారం ప్రయాణం కూడా చెప్పాను. ఆమె వింటూ వింటూ కిటికీ దగ్గరికి పోయి గొంగడిని చేత్తో తడిమింది.

"గీ పిల్లకు పొద్దు ఎప్పుడు చూపించినవ్?"

టీకాల రోజు తప్ప నాకు ఇంకో రోజు గుర్తు రాలేదు.

"పోరికి రాత్రేదో పగలేదో ఎట్ల ఎరుకైతది? దాని లెక్కల నువ్వు పగటికి పండుమన్నవ్, అది పండుకుంటున్నది. మా పెద్దోడు గిట్లనే చేసిండు. మా ఆయనది నైటు షిఫ్టని నేను గిట్లనే దుప్పటి కడితి. గీ లైన్ల ప్రతి తల్లి ఒకసారి చేసే తప్పే ఇది." ఆగి అడిగింది, "రాత్రి లేస్తే ఏం జేస్తవ్?"

"ముచ్చట పెడత."

"ఏం ముచ్చట?"

"మా అమ్మది."

ఖాలా మంచం అంచున కూర్చుంది. మెల్లగా అంది: "రాత్రంత కథ చెప్తుంటే ఏ పిల్ల పండుకుంటది బిడ్డా? గామె ముచ్చట పగలు చెప్పు. నాక్కూడ చెప్పు, నేనింట. రాత్రి మాత్రం పాలియ్యి, దీపం పెట్టకు, నోరు తెర్వకు."

అప్పుడు తెలిసింది. పిల్ల నన్ను నిద్ర పోనివ్వడం లేదని అందరితో చెప్పుకున్నాను. ఆమెను నిద్ర పోనివ్వనిది నేను. గొంగడి కూడా మా ఆయన కోసమే కాదు. ఆయన రెండో షిఫ్టుకు పోయిన మధ్యాహ్నాలు కూడా నేను దాన్ని తీయలేదు. మూసిన గదిలో నన్ను కూర్చోబెట్టి పోయారు, నేను అక్కడే ఉండిపోయాను. తోడుగా పిల్లను తెచ్చి పెట్టుకున్నాను.

మేకులు ఖాలాయే పీకింది, మా కత్తిపీట కొనతో. ప్రయాణం వారం వాయిదా వేయమని మా ఆయన్ను అడిగాను. "వారమంటే వారమే" అన్నాడు. పొద్దున ఏడింటికి పిల్లను వాకిట్లో ఎండలోకి తెచ్చేదాన్ని. ఖాలా కాళ్లు చాపి పీట మీద కూర్చుని నూనె రాసేది, నేను నీళ్లు పోసేదాన్ని. పగలు రోలు చప్పుడు చేశాను, కుక్కరు పెట్టాను, మూడు గంటలు దాటి పడుకుంటే లేపి పాలిచ్చాను. లేపినందుకు పిల్ల నా వైపు చూసిన చూపు మా అమ్మ చూపే, మధ్యాహ్నం కునుకు తీస్తుంటే తలుపు కొట్టిన వాళ్ల వైపు ఆమె అలాగే చూసేది. ఆ మాట ఖాలాకు చెప్పాను. ఆమె నవ్వింది. అలా పగటి ముచ్చట్లు మొదలయ్యాయి.

రాత్రులు కష్టమయ్యాయి, పిల్లకంటే నాకే. చీకట్లో ఆమె కళ్లు విప్పి ఎదురు చూస్తున్నట్టు అనిపించేది. నోటిదాకా వచ్చిన మాట మింగి వీపు నిమిరేదాన్ని. మొదటి రెండు రాత్రులూ మార్పు లేదు. మా ఆయన ముందు గదిలో చాప వేసుకున్నాడు. నాలుగో రాత్రి ఏడుపు గంటకు తగ్గింది. వారం ముగిసేసరికి బాగుపడలేదు గాని దారిన పడిందని ఇద్దరికీ తెలిసింది. సర్దిన సంచీ గూట్లోనే ఉంది. ఆదివారం దాటింది, దాన్ని ఎవరం కిందికి దించలేదు.

ఇంకో చిక్కు మిగిలింది. మళ్లీ రాత్రి షిఫ్టు వస్తే గొంగడి లేని ఇంట్లో, పిల్ల కేరింతల మధ్య ఆయన ఎక్కడ పడుకోవాలి? దానికీ ఖాలాయే చెప్పింది: "మా వెనక అర్ర పగలంత ఖాళీ. పండుకోమను. నాకు సగం చెవుడు, వానికి పూర అలసట. ఎవనికి ఎవలు అడ్డం?"

రాత్రి షిఫ్టు వచ్చిన తొలి పొద్దున మా ఆయన బూట్లు ఖాలా గడప ముందు కనబడ్డాయి. ఎదురు క్వార్టరు అక్క చీపురు పట్టుకుని అక్కడే ఆగిపోయింది.

"ఏందే, నీ మొగని బూట్లు గాడున్నయి? కొత్త కాపురం పెట్టిండా?"

ఖాలా లోపలి నుంచే వినేసింది. "అరె సగం చెవుడంటే సగం ఇనవడతది గద! గీ అరవై అయిదేండ్లకు నాకు గీ పేరు సుత రావాల్నా? నీ మొగన్ని పంపకు, నా ఇంట్ల జాగ లేదు!" అంది. లైనంతా నవ్వింది. బూట్లు చూసి అందరూ నోటి మీద చెయ్యి పెట్టుకుని నవ్వారు, చప్పుడు కాకుండా.

మరో నాలుగు వారాలకు, పొద్దుటి షిఫ్టు రోజుల్లో, ఒక రాత్రి పిల్ల పదింటికి పడుకుంది. నాకు మెలకువ వచ్చేసరికి నాలుగున్నర. భయపడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. వెచ్చగా ఊపిరి తగిలింది. పక్కన ఆయన గుర్రు పెడుతున్నాడు. ఐదుకు లేచి, స్నానం చేసి, టీ తాగి, నిద్ర తీరిన మొహంతో డ్యూటీకి పోయాడు. గడప దగ్గర నిలబడి లైను చివర మలుపు తిరిగేదాకా చూశాను.

తెల్లారాక బాపుకు ఫోన్ చేశాను. రాత్రంతా పడుకుందని చెప్పాను, ఎండలో నూనె రాస్తున్నామని చెప్పాను.

"ఆఁ, ఎండ" అన్నాడు. "ఇప్పుడు యాదికొస్తున్నది. మీ అమ్మ నిన్ను చాటల పండవెట్టి గడప ముందర పెడుతుండె, వాకిలి ఊడ్సుకుంట. 'పొద్దు తాకాలె' అంటుండె. నేను కండ్ల దుమ్ము పడతదని తిడుతుంటి."

నా పసితనం గురించి ఒక్క వాక్యం దొరికింది. నాకు అది చాలు.

ఇక బాపు ఫోన్ పెట్టేస్తాడనుకున్నాను. ఇలాంటివి అడిగే పని ఎప్పుడూ అమ్మదే.

"మరి నువ్వు పండుకున్నవా బిడ్డా?" అన్నాడు.

"పండుకున్న బాపూ" అన్నాను. అది నిజమే.