నాయన బుగ్గలోని అతిమధురం

నిలిచిన చోటు నుంచి కదలకుండానే అందరి ఇళ్లకూ వచ్చే శ్రీనివాసుడికి ముందుగా దండం. ఆయన దయ లేకుంటే ఈ నాలుగు మాటలూ లేవు.

తొంభైల చివర ఒక ధనుర్మాసం. మా నాయన తిరుపతిలో బడిపంతులుగా రిటైరై, తెల్లవారుజామున గుడిలో పాశురాలు పాడే గోష్ఠిలో ముందు వరుసలో నిలబడేవాడు. ఆ నెలంతా కలలో గడిచినట్టే గుర్తు. కొండ కనబడేది కాదు. మంచులోంచి కర్పూరం వాసన, పొంగలి వాసన, వాటి మీద తేలుతూ ఆయన గొంతు. గొంతు పగలకుండా గోష్ఠిలో అందరూ అతిమధురం వేరు నమిలేవారు. నాయన బుగ్గలో మాత్రం పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఒక ముక్క ఉండేది.

ఆ ఏడు ఆయన కాళ్లు వాచాయి. నాలుగు మెట్లెక్కితే గుండె దడ. బీపీ మాత్ర ఒకటి రెండైనా ప్రెషర్ దిగలేదు. ఊరగాయ మానిపించాను, ఉప్పు తగ్గించాను. గుండె మీదికి వస్తుందేమోనని డాక్టరమ్మ కూడా భయపడింది.

ఒకరోజు ఆమె నాయన చేతికి బీపీ పట్టీ చుడుతూ ఆగింది.

"బుగ్గలో ఏముండాది స్వామీ?"

"ఇది మందు కాదులేమ్మా, అతిమధురం. పెరుమాళ్ల సేవకు, గొంతు కోసరం."

"దినానికి ఎన్ని ముక్కలు?"

"దేవుడి పనికి లెక్కేముండాది?"

"దేవుడికి లేకపోయినా నాకుండాది. ఎప్పుడన్నా ఒక ముక్కయితే వేరే మాట. దినామూ ఇట్ల నమిలితే ప్రెషర్ ఎక్కుతాది, ఒంట్లో నీళ్లు నిలబడతాయి, పొటాషియం పడిపోయి గుండె లయ తప్పుతాది. మాత్ర దించేదాన్ని ఇది ఎక్కిస్తా ఉండాది. ఈ పొద్దే మానేయండి."

నాయన అతిమధురం నములుతాడని అంతదాకా మేమెవరమూ ఆమెకు చెప్పలేదు. తీర్థం పుచ్చుకున్నానని డాక్టరుకు ఎవరు చెబుతారు? మాకు అతిమధురమూ అలాంటిదే.

నాయన ముక్క తీసి ఉత్తరీయం కొసలో చుట్టుకున్నాడు. ఆటోలో వస్తూ, "గొంతు లేకుంటే నేను ఆడ ఎందుకు నిలబడాల?" అన్నాడు.

మర్నాడు రెండో పాశురంలోనే ఆయన గొంతు చీలింది. పక్కనున్న పెద్దాయన, "ఏం స్వామీ, కప్పను మింగినావా?" అని నవ్వి, ఆగిన పాదాన్ని తానే అందుకున్నాడు. వెనక వరుస కూడా అందుకుంది. నాయన కళ్లు మూసుకుని పెదవులు కదిపాడు. ఆయన పాడుతున్నాడో, పాట ఆయన్ని మోస్తున్నదో నాకు తెలియలేదు.

కొన్ని వారాలకు వాపు తీసింది, దడ తగ్గింది, మాత్ర మళ్లీ ఒకటైంది. గొంతు మాత్రం పాతది కాలేదు. ఆ చీలిన గొంతుతోనే ఆయన ఎన్నో ధనుర్మాసాలు అదే వరుసలో నిలబడ్డాడు.

చదువుతున్న మీరూ ఒక్కసారి కళ్లు మూసుకుని నాతో అనండి: స్వామీ, నిన్ను పిలిచే గొంతునూ, దాని కింద కొట్టుకునే గుండెనూ నువ్వే కాపాడు. రెంటిలో ఒకటే మిగిలేట్టయితే, గుండెను ఉంచు. పాట మేమందరం అందుకుంటాం.