మూడు గంటలకు ఫోను అత్తగారిది

రెండువేల మూడు నాటికి అనకాపల్లి గవరపాలెంలో టైపు నేర్చుకోవాలంటే సత్యలక్ష్మి ఇంటికే వెళ్లాలి. ముందు గదిలో మూడు టైపు మిషన్లు, వాటి పక్కన సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఒక కంప్యూటరు. భర్త మహేశ్వరరావు బెల్లం లారీ మీద వెళ్తే వారం దాకా ఇంటి మొహం చూసేవాడు కాదు. ఇంట్లో ఉండేది తనూ, అత్తగారు రామాయమ్మా.

కంప్యూటరులో లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ అయితే ఎక్కించుకుంది గానీ, తెలుగు అక్షరాలు రావాలంటే ఇంకో పెద్ద ఫైలు ఇంటర్నెట్‌లోంచి దించుకోవాలి. ఇంటర్నెట్ వచ్చేది ఇంటి ఫోను తీగ మీదే. అది నడుస్తున్నంతసేపూ ఫోను పనిచెయ్యదు. ఆ ఫైలు తొమ్మిది గంటల పని. ఎనిమిదో గంటలో లైను తెగినా మళ్లీ మొదటినుంచీ రావాల్సిందే. వరసగా మూడు రోజులు పొద్దున్నే మొదలుపెట్టింది. మూడు రోజులూ సాయంత్రం లోపే తెగింది.

నాలుగో రోజు మధ్యాహ్నం, కోటవురట్ల బస్సు దిగి రామాయమ్మ చెల్లెలు దేముడమ్మ రొప్పుకుంటూ వచ్చింది. అక్కచెల్లెళ్లకు రోజూ మూడింటికి ఫోన్లో మాట్లాడుకోకపోతే తిన్నది అరగదు.

"మూడ్రోజులై ఎప్పుడు సేసినా బిజీయే. నీకేటయిపోయిందోనని పేణం కొట్టుకుపోయిందప్పా," అంటూ అక్క చెయ్యి పట్టుకుని వదల్లేదు దేముడమ్మ.

"నాకేటవుద్దే. కోడలు కంపూటర్లోకి ఏదో తెప్పించుకుంతంది. లైను దానికే సరిపోతంది."

పక్క గదిలో ఆ మాట విని సత్యలక్ష్మి తల దించుకుంది. మూడింటికి అత్తగారు ఫోను దాకా వచ్చి, ఊరికే వెనక్కి వెళ్లిపోవడం తను చూస్తూనే ఉంది. ఎందుకని అడగలేదు.

"నాతో సెప్పొచ్చు కదత్తా," అంది తర్వాత.

"పనిలో ఉన్నావు. మద్దిలో ఏటి సెప్తానమ్మా."

మర్నాడు సత్యలక్ష్మి క్లాసు మానేసి, ఒళ్లో డిక్షనరీ పెట్టుకుని లినక్స్ సహాయం పేజీలు చదవడానికి కూర్చుంది. రెండు రోజులు కుస్తీ పడితే దారి దొరికింది. ఫైలు ఆగిన చోటునుంచే మళ్లీ తెచ్చే ఆదేశం ఒకటుంది. ఫలానా గంటకు ఫలానా పని చెయ్యమని ముందే చెప్పి ఉంచే ఏర్పాటూ ఉంది. రెండూ ముడేసి పన్నెండు వరసలు రాసింది. లైను తెగితే రెండు నిమిషాలాగి మళ్లీ కలపాలి. మధ్యాహ్నం మూడు కాగానే ఫోను వదిలెయ్యాలి. నాలుగింటికి మళ్లీ అందుకోవాలి.

మొదటి రోజే తేడా కొట్టింది. మూడింటికి రామాయమ్మ ఫోనెత్తి, ఉలిక్కిపడి చెవికి దూరంగా పెట్టుకుంది.

"లచ్మీ, ఇందులో ఎవులో ఏడుత్తన్నారే."

సత్యలక్ష్మి పరుగున వచ్చి చూసుకుంది. మధ్యాహ్నం మూడుకి రాయాల్సింది పదిహేను. తను రాసింది మూడు. కంప్యూటరుకి మూడంటే తెల్లవారుజామే.

"ఏడుపు కాదత్తా, కంపూటరు లైన్లో సేసే సప్పుడది. నేనే టైము తప్పు రాసేను," అని నవ్వి, చేత్తోనే లైను ఆపి ఫోను అందించింది. అక్కచెల్లెళ్లు గంటసేపు మాట్లాడుకున్నారు. ఆ తర్వాత కలిపితే, ఫైలు ఆగిన చోటునుంచే కదిలింది. అది చూసి ఆమెకు పట్టలేనంత సంతోషం వేసింది. వంటింట్లోకి వెళ్లి అత్తగారికీ తనకూ టీ పెట్టింది.

రెండో రోజు సాయంత్రానికి ఫైలు మొత్తం దిగింది. తెరమీద "అ" అక్షరం గుండ్రంగా, పొందికగా కనిపించింది. రామాయమ్మ కళ్లజోడు తెచ్చుకుని మరీ చూసింది.

"పలకమీద నేను రాసిన దానికంటే బాగుందమ్మా," అంది.

నెల తిరిగేసరికి తెలుగు టైపు నేర్చుకోవడానికి ఐదుగురు ఆడపిల్లలు చేరారు. సత్యలక్ష్మి తర్వాత కూడా చాలా ఫైళ్లు దించుకుంది. ఆ పన్నెండు వరసలూ నేర్చుకుంటామని అడిగినవాళ్లకి కాగితం మీద రాసిచ్చేది. టైము దగ్గర మాత్రం తనే దగ్గరుండి సరిచూసేది.