అట్టపెట్టె మీది నక్షత్రాలు

ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌కు ఈ ఎడారి దేశానికి వచ్చేవాళ్ళకు అద్దెకివ్వాలని ఫరీజ్ బిన్ మహమూద్ పేటలోని పాత బిల్డింగును మా ఓనరు ముస్తాబు చేయిస్తున్నాడు. అద్దెలోనే కరెంటు కలిపి ఇస్తాడు కాబట్టి, కరెంటు తక్కువ తాగే కొత్త ఏసీలు పెట్టించాడు. వాటి మీది స్టార్ రేటింగ్ స్టిక్కర్లు పీకొద్దని, బిల్డింగు చూసుకునే నాకు గట్టిగా చెప్పాడు.

ఈ రోజు ఓనరు మేనేజర్ ఖలీల్ భాయ్ తనిఖీకి వచ్చాడు. మన హైదరాబాదు మనిషే. ఒక ఫ్లాట్‌లో స్టిక్కర్ చూసి మురిసిపోయాడు, కాసేపటికి చెమట తుడుచుకున్నాడు.

"ఇన్ని స్టార్లున్నా రూమ్ చల్లగైతలేదేంది గంగారాం?" అని ఏసీ మెకానిక్‌ను అడిగాడు.

జగిత్యాల గంగారాం కర్టెన్ పక్కకు జరిపాడు. పాత విండో ఏసీ తీసేసిన కంతలో కొత్త ఏసీ అట్టపెట్టె ముక్క కుక్కి ఉంది. దాని మీదా అవే నక్షత్రాలు. అంచుల్లోంచి వేడిగాలి కొడుతోంది.

"స్టార్లు మిషిన్‌కు ఇచ్చిండ్రు భాయ్, గోడకు ఇయ్యలే. మా లేబర్ క్యాంప్ రూమ్ ఏసీకి ఒక్క స్టార్ లేదు. తలుపు కింద సందుకు తువ్వాల కుక్కి, చలికి దుప్పటి కప్పుకొని పంటం."

ఖలీల్ భాయ్ కర్టెన్ మూసేశాడు. "యల్లా, నడువు, ఇంకా మందం కర్టెన్ తెప్పిద్దాం."

ఆ అట్ట కుక్కింది నేనే. వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు. మీ ఇంట్లో కర్టెన్ వెనక ఏముందో మీరైనా నిజం చెప్పండి.