నాలుగో జ్వరం నాటి తలనొప్పి

పట్టుపురుగులకు వాసన గిట్టదు. అగరుబత్తి, బీడీ, పౌడరు, సంపెంగ నూనె, ఏదీ పనికిరాదు. కర్ణాటకలో చింతామణి దగ్గరి ఈ ఊరికి కోడలుగా వచ్చిన మొదటి ఏడాది ప్రతిమ ఆ సంగతి తెలియక, తలనొప్పికి నుదుటిన బామ్ పూసుకొని పురుగుల షెడ్డులోకి పోబోయింది. అత్త తిమ్మక్క గుమ్మం దగ్గరే వాసన పట్టి వెనక్కి పంపింది. ఆ నెల పురుగుల్లో సగం తెగులొచ్చి చచ్చాయి. దానికీ బామ్‌కీ సంబంధం లేదని రేష్మె ఇలాఖా, అంటే పట్టు పరిశ్రమ శాఖ నుంచి వచ్చిన మనిషి చెప్పిపోయాడు. తిమ్మక్క ఒక్క మాటా అనలేదు. అనకపోవడమే ప్రతిమ మనసులో నాటుకుంది. ఆ తరువాత పదహారేళ్లు ఆమె బామ్ డబ్బా మూత తీయలేదు. మాత్రకైతే వాసన ఉండదు.

మొదట్లో వారానికి ఒక మాత్ర. పురుగులు పెద్దవై రోజుకు నాలుగు మేతలు వేయాల్సిన రోజుల్లో ఇంకొకటి. పోనుపోను నొప్పి వచ్చినాక కాక, వస్తుందేమోనని తెల్లవారి కాఫీతోనే మింగడం అలవాటైంది. బస్టాపు దగ్గర మందులషాపు నాగరాజ్ ఆమె రోడ్డు దాటుతూ ఉండగానే మాత్రల అట్ట తీసి బల్ల మీద పెట్టేవాడు. ఇన్ని మింగినా నొప్పి రోజూ ఉండేది. తల చుట్టూ తడిగుడ్డ బిగించి కట్టినట్టు, నిద్ర లేచేసరికే మొదలయ్యేది. పని ఎక్కువైందని ఇంట్లో అనుకున్నారు. ఆమె కూడా అదే అనుకుంది.

బాగేపల్లిలో ఉండే చెల్లెలు ఆశా చివరికి పట్టుబట్టి చిక్కబళ్లాపురంలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. నెలలో ఎన్ని రోజులు మాత్ర వేసుకుంటావని డాక్టరమ్మ కన్నడలో అడిగింది. వేసుకోని రోజులు లెక్కపెడితే సులభమని ప్రతిమ ఆలోచించి చూసింది. ఒక్కటీ గుర్తుకు రాలేదు. నొప్పి తగ్గడానికి మింగుతున్న మాత్రే ఇప్పుడు నొప్పిని రోజూ తెప్పిస్తోందని, అది మానితే తప్ప ఈ తలనొప్పి పోదని డాక్టరమ్మ చెప్పింది. మానిన వారం పది రోజులు నొప్పి ఇంకా ఎక్కువవుతుంది, వాంతులు కావచ్చు, ఓర్చుకుంటే ఆ తరువాత నెమ్మదిస్తుంది అంది. నొప్పి రాకుండా ఉండేందుకు రాత్రిపూట వేసుకోమని వేరే మాత్ర ఒకటి రాసిచ్చింది.

"మాత్రలు మానమని చెప్పి మళ్లా మాత్రే రాసిచ్చినాదా? బాగుండాది యవ్వారం" అంది తిమ్మక్క. అంతకుమించి అడ్డు చెప్పలేదు. పురుగుల పని ఆగకపోతే చాలు ఆమెకు.

ప్రతిమకూ అదే చింత. రెండు పంటల మధ్య షెడ్డు కడిగి సున్నం కొట్టడానికి దొరికేది పది రోజులు, అందులో మానుదామంటే అప్పటికే పిల్లపురుగులు వచ్చేశాయి. ఆమె కాలెండరు ముందు నిలబడి ఆలోచించింది. పిల్లపురుగులకు మేత తక్కువ. ఇవాళే మానితే, పురుగులు పెద్దవై గంపల కొద్దీ ఆకు తినేనాటికి నొప్పి దిగిపోవాలి. ఆ లెక్కతోనే ఆ రోజు కాఫీ ఒట్టిదే తాగింది.

రెండో రోజు నుంచి ఐదో రోజు దాకా డాక్టరమ్మ చెప్పినట్టే జరిగింది. అన్నం నిలవలేదు. వెలుతురు చూడలేక కొంగు ముఖం మీదికి లాక్కొని మేత వేసింది. పురుగులు మూడో జ్వరానికి కూర్చున్న రోజు తనూ పడుకుంది. పురుగులు పెరిగే కాలంలో నాలుగుసార్లు మేత మాని, తల ఎత్తి, కదలకుండా ఉండి, పాత చర్మం విడుస్తాయి. దాన్నే జ్వరమంటారు. ఆ పూట వాటిని ముట్టుకోరాదు.

ఆరు, ఏడు, ఎనిమిది రోజులు కొంచెం తేలికగా గడిచాయి. తొమ్మిదో రోజు తెల్లవారి ఆమె మంచం మీద నుంచి లేవలేకపోయింది. ఎడమ కన్ను వెనక ఎవరో రోకలితో దంచుతున్నట్టుంది. పురుగులు నాలుగో జ్వరానికి చేరువైంది ఆ రోజే. అన్నిటికన్నా కష్టమైన జ్వరం అది. మేత ఎప్పుడు ఆపాలో కంటితో చూసి తేల్చాలి. ముందే ఆపితే కొన్ని ఆకలితో ఉంటాయి, ఆలస్యంగా ఆపితే మిగిలిన ఆకు కింద కూర్చున్నవి నలుగుతాయి. పంటంతా ఎగుడుదిగుడు అవుతుంది. తిమ్మక్క కళ్లకు పొర వచ్చి రెండేళ్లు. భర్త లోకేశ్ ఆకు కోసి తేవడం తప్ప ఎప్పుడూ పురుగును దగ్గరగా చూసిన మనిషి కాడు.

తిమ్మక్క ఒక చేత్తో చెంబు, ఇంకో చేత్తో మాత్ర తెచ్చింది. ఎక్కడిదని ప్రతిమ అడగలేదు. ఇంట్లో ఏ డబ్బా వెతికినా ఒకటి దొరుకుతుంది.

"ఈ ఒక్కటి మింగి లోపలికి పోమ్మా. రేపట్నుంచి మళ్లా మానుకో. పురుగులు కూర్చుంటాండాయి."

ప్రతిమ మాత్ర అరచేతిలోకి తీసుకుంది. మింగితే ముప్పావు గంటలో షెడ్డులో ఉండొచ్చు. అది ఆమెకు బాగా తెలుసు. మాత్రను కిటికీ గట్టు మీద పెట్టి, ట్రంకు పెట్టెలో చేయి పెట్టి వెతికింది. పోయిన చలికాలం ఆశా జలుబుతో వచ్చి మరిచిపోయిన బామ్ డబ్బా దొరికింది. నుదుటికి, కణతలకు, మెడ వెనక, కళ్లు మండేంత పూసుకుంది.

వాసనకు తిమ్మక్క ఒకడుగు వెనక్కి వేసింది.

"ఇంగ సాయంత్రం దాకా నేను షెడ్డు గడప తొక్కేదానికి లేదు అత్తా. ఆయప్పను పంపు."

తిమ్మక్క చెంబు కింద పెట్టింది. తరువాత వాకిట్లోకి పోయి కొడుకును పిలిచింది.

లోకేశ్ కాళ్లూ చేతులూ కడుక్కొని లోపలికి పోయాడు. ఫోనులో పురుగుల స్టాండులో ఒక్కో అంతస్తూ వీడియో తీసి పట్టుకొచ్చాడు. ఆ వెలుతురు ఆమె చూడలేకపోయింది. ఫోను పక్కన పెట్టమని, పది పురుగులు లెక్కపెట్టుకొని అందులో తల ఎత్తి కదలనివి ఎన్నో చెప్పమంది.

"ఏడు" అన్నాడు, మళ్లా పోయి చూసొచ్చి. "కింది వరసలో ఐదే."

"పైవాటికి ఆపు. కింద ఒక మేత, పలచగా. పలచగా అంటే, ఆకు సందులో పురుగు కనపడాల."

"ఎంత పలచగా?"

"అబ్బ, ఇంట్లో కొత్తిమీర మీద చూపించే పొదుపు ఈడ చూపించు సామీ."

అతడు నవ్వుతూ పోయాడు. కిందివరసలో ఆకు కొంచెం మందంగానే పడింది. ఆ సంగతి వారం తరువాత తెలిసింది.

పదకొండో రోజుకు నొప్పి దిగింది. పూర్తిగా పోలేదు, కానీ అన్నం తినగలిగింది, చీకటి గది అక్కరలేకపోయింది. ఆఖరి వారం మేతలు సగం లోకేశే వేశాడు. వేయమని ఆమె అడగలేదు, వద్దనీ అనలేదు.

పై అంతస్తుల పురుగులు పండి గూడు కట్టడానికి సిద్ధమైన రోజు, కిందివరస ఇంకా ఆకు తింటూనే ఉంది. ఒక్క రోజులో అయిపోవాల్సిన పని రెండు రోజులు పట్టింది. పండిన పురుగులను ఏరి, అవి గూళ్లు కట్టుకునే వెదురు చంద్రికల మీద వేస్తూ తిమ్మక్క చేతి తడుములాటతోనే తేడా కనిపెట్టింది.

"నువ్వు లోపలుండింటే ఇట్లయ్యేది కాదు."

"కాదు అత్తా. అయ్యేది కాదు" అంది ప్రతిమ. తరువాతి చంద్రిక ముందుకు లాక్కుంది.

ఆ రోజు పొద్దుటి నుంచీ ఎడమ కణత లాగుతూనే ఉంది. పనిలో పడి దాని సంగతి పట్టించుకోలేదు. మధ్యాహ్నం ముగ్గురూ గుమ్మం బయట కూర్చొని రాగిముద్ద తింటున్నప్పుడు ఆమె చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"ఏమైంది?" అన్నాడు లోకేశ్.

"ఏమీ లేదు" అంది. నిజంగానే ఏమీ లేదు. నొప్పి ఎప్పుడు పోయిందో తెలియదు, దానంతటది పోయింది. ఆమె ముద్ద పులుసులో అద్దుకొని తినసాగింది.