చవక సీడీ మింగేసిన తాళాలు

మా నాన్న దృష్టిలో చవక సీడీ అంటే దొంగ సీడీ. పాట పాడుతుంది, మద్దెల వాయిస్తుంది, తాళాలు మాత్రం మింగేస్తుంది. తొంభైల చివర్లో ఓ వేసవంతా మా ఇంట్లో ఇదే గొడవ.

భిలాయిలో రైలు పట్టాలు చేసే మిల్లులో పనిచేసి నాన్న అప్పుడే రిటైరయ్యాడు. ఎర్రగా కాలుతున్న పట్టాలను కోసే రంపాల దగ్గరే ఆయన ఉద్యోగమంతా గడిచింది. వయసులో ఉన్నప్పుడు, శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన తోటి పనివాళ్లతో కలిసి భజన కట్టేవాడు. అందులో ఆయన వంతు తాళాలు. ఒక శ్రీరామనవమికి మరోదా బస్తీలో వేసిన పందిట్లో ఎవరో ఆ భజనను టేపు చేశారు. తర్వాత బృందంలో వాళ్లంతా రిటైరై ఎటువాళ్లు అటు వెళ్లిపోయారు. ఆ ఒక్క క్యాసెట్టూ మా ఇంట్లో మిగిలింది.

క్యాసెట్టు అరిగిపోయిందనీ, తన తాళాలు వినపడటం లేదనీ నాన్నకు బెంగ పట్టుకుంది. వేళాకోళం కాదు, నిజంగా బెంగే. అన్నం దగ్గర కూడా "నా తాళం ఒక్కసారి సాఫుగా వింటే చాలే" అనేవాడు. సీడీకి ఎక్కిస్తే అన్నీ తేటగా వస్తాయని ఎవరో చెప్పారు. ఇంకేముంది, క్యాసెట్టు పట్టుకుని నన్ను సుపేలా బజారుకు లాక్కెళ్లాడు. కాలేజీలో చదువుతున్నాను కాబట్టి కంప్యూటర్ దుకాణాల సంగతి నాకు తెలుస్తుందని ఆయన నమ్మకం.

ఆ దుకాణంలో ఖాళీ సీడీలు రెండు రకాలు. డబ్బా కూడా లేకుండా, పుల్లకు గుచ్చిన గారెల్లా దొంతరగా ఉండేవి చవకవి. అద్దాల బీరువాలో విదేశీ పేర్లతో కూర్చున్నవి ఖరీదైనవి. ముందు చవకదాని మీదే ఎక్కించాం. ఇంటికొచ్చి పెట్టగానే నాన్న మొహం ముడుచుకుంది.

"తాళాలేవే?"

"అయ్యో నాన్నా, గలగలా వినపడుతుంటే!"

"నాకు చెప్పకు. చవక సరుకు. సన్న శబ్దం పట్టలేదు."

సరేనని ఖరీదైనది తెచ్చాం. తాళాలు లేవన్నాడు. అంతకంటే ఖరీదైనది పక్క ఊరు దుర్గ్ వెళ్లి మరీ తెచ్చాడు. అందులోనూ లేవు. సుపేలా దుకాణదారుడు మంచివాడు, ఓపిగ్గా చెప్పి చూశాడు. "అంకుల్, సస్తా హో యా మహంగా, గానా తో వహీ చఢ్తా హై." చవకదైనా ఖరీదైనదైనా ఎక్కేది అదే పాట అని ఆయన మాట. "తుమ్ చుప్ రహో" అని ఆయన నోరు మూయించాడు నాన్న. పట్టిన కుందేటికి మూడే కాళ్లు. సిగ్గుతో నా తల తీసేసినట్టయింది.

ఆ ఆదివారం పొద్దున్న నాకు ఒళ్లు మండి, పరీక్ష పెట్టాను. "కళ్లు మూసుకో నాన్నా. ఏ సీడీ పెడుతున్నానో చెప్పను. తాళాలు వినపడగానే వేలెత్తు." ఆయన బుద్ధిగా కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకున్నాడు. చవకది పెట్టాను, వేలు లేవలేదు. ఖరీదైనది పెట్టాను, లేవలేదు. "ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నట్టుంది" అని నేను గొణిగాను. అంతలో వంటింట్లో కుక్కరు ఇల్లెగిరిపోయేలా కూసింది. నేను ఉలిక్కిపడ్డాను. నాన్న కదల్లేదు.

అమ్మ గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, ఆయన్నే చూస్తూ నిలబడింది.

"ఏటండీ, కుక్కరు కూత వినపడిందా?"

నాన్న కళ్లు తెరిచాడు. "కుక్కరా? ఎప్పుడు పెట్టేవు?"

అమ్మ వెళ్లి స్టవ్ ఆర్పి, వచ్చి ఆయన పక్కన కూర్చుంది. "అన్నేళ్లు ఆ రంపాల దగ్గర నిలబడితే, మాటలు అందినా ఈ సన్న కూతలు చెవికెక్కుతాయేటి మరి" అంది మెల్లిగా. మెల్లిగా అంటే ఆయనకు అందదని గుర్తొచ్చి, మళ్లీ గట్టిగా అంది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఇన్నాళ్లూ సీడీలను తిట్టినందుకు ఆయన్ని దెప్పుతూనే ఉన్నానాయె.

ముందు నవ్వింది నాన్నే. "అయితే చవక సీడీ మంచిదేనన్నమాట. పాపం ఆ దుకాణం భయ్యాకి చెప్పాలే" అన్నాడు. ఆ తర్వాత అరచేతులు చూసుకున్నాడు.

"పోనీ, మీకు వినపడతంది కదా. ఎలగ కొట్టేను? ఎక్కడైనా తప్పేనా?"

అమ్మ నన్ను సీడీ మొదటి నుంచి పెట్టమంది. చవకది పెట్టానో ఖరీదైనది పెట్టానో నాకిప్పుడు గుర్తులేదు. అప్పుడు కూడా ఎవరూ అడగలేదు. అమ్మ తొడ మీద తాళం వేసుకుంటూ, ఒక్కో పాటా పరీక్ష పేపరు దిద్దినట్టు వింది. నాన్న ఆమె చెయ్యే చూస్తూ కూర్చున్నాడు. చివరి మంగళహారతిలో ఆ చెయ్యి ఆగింది.

"ఇక్కడ తప్పేరు" అంది నవ్వుతూ. "ఒక దెబ్బ పడలేదు."

నాన్న మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది. "హారతిలోనా? అయితే అది నేనే! ఖాయంగా నేనే! అప్పుడే కదే నువ్వు పిల్లనెత్తుకుని పందిట్లోకి వచ్చేవు. అటు చూసేను."

అమ్మ తల దించుకుని పమిట అంచు సర్దుకుంది. తర్వాత నాతో, "ఆ పాట మళ్లీ పెట్టవే" అంది.