నత్తమ్మమ్మ గొంతు

పిల్లలందరికీ ఆమె కథలక్కయ్య. జుట్టు సగం నెరిసి, ఒక కంపెనీకి యజమానురాలైనా సరే, అక్కయ్య అక్కయ్యగానే ఉండిపోయింది. మొదట్లో చిన్నపిల్లల బడిలో పంతులమ్మ. తను రాసిన కథను తరగతిలో చదువుతూ ఒక కన్ను కాగితం మీద, ఒక కన్ను బెంచీల మీద వేసి ఉంచేది. పిల్లలు ఎక్కడ కదిలితే అక్కడ ఎర్ర పెన్సిలుతో గీత గీసి, ఇంటికెళ్లాక ఆ ముక్క కొట్టేసేది. ఎంత ముద్దుగా రాసుకున్న వాక్యమైనా జాలి లేదు.

ఆ ఎర్ర గీతే ఆమెకు అన్నం పెట్టింది. ముందు నాలుగు పేజీల పత్రిక, తర్వాత కథల క్యాసెట్లు, ఆ తర్వాత నలభై మంది పనిచేసే కార్టూన్ల స్టూడియో. కొత్తగా చేరిన ప్రతి రచయితకూ మొదటి రోజు ఒకటే పాఠం: "పిల్లలు కదిలారంటే తప్పు వాళ్లది కాదు, మనది." ఆ పాఠం విని కళ్లనీళ్లు పెట్టుకుని వెళ్లిపోయినవాళ్లు కూడా లేకపోలేదు.

క్యాసెట్ల రోజుల్లో గొంతులిచ్చేవాళ్లు దొరక్క, వంటింట్లో ఉన్న తల్లిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి మైకు ముందు కూర్చోబెట్టింది. అలా పుట్టింది నత్తమ్మమ్మ అనే నత్త పాత్ర. ఆ పెద్దావిడ ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య మనం ఒక కునుకు తీసి లేవచ్చు. అయినా పిల్లలు నోళ్లు తెరుచుకుని విన్నారు. భర్త పోయాక తల్లికి వారంలో మిగిలింది రికార్డింగు ఉండే బుధవారం ఒక్కటే. మంగళవారం నుంచే బట్టలకు ఇస్త్రీ, గొంతుకు వేడినీళ్లు!

సోమవారం మీటింగులో, ఎవరు ఎంతసేపు చూస్తున్నారో లెక్కగట్టే అమ్మాయి తెర మీద ఒక గీత చూపించింది. "నత్తమ్మమ్మ రాగానే పదిమందిలో ఆరుగురు వేరే వీడియోకి వెళ్లిపోతున్నారు మేడం. కదిలితే కొట్టెయ్యమని మీరే కదా చెప్పారు."

నత్తమ్మమ్మను తీసెయ్యడానికి వాటాదారులు తలలూపారు. కంపెనీలో ఇప్పుడు కథలక్కయ్యది మూడోవంతే, వాదించినా నెగ్గదు. అయినా ఏ ముఖం పెట్టుకుని వాదిస్తుంది, పాఠం తనదే అయినప్పుడు?

రెండు రోజులూ తల్లితో చెబుదామనుకుంది, చెప్పలేకపోయింది. బుధవారం పొద్దున ఆవిడ చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడితే, పిరికిదానిలా కారు తీసింది. పాత స్క్రిప్టు ఒకటి చేతిలో పెట్టి గాజు గదిలో కూర్చోబెట్టి, రికార్డింగు చేసే అతని చెవిలో, "ఈ ఒక్కరోజుకి రికార్డు చేస్తున్నట్టే ఉండండి" అంది. అతను తల వంచుకున్నాడు.

తిరుగుదారిలో తల్లి కూతురివైపు తిరిగింది.

"ఇవాళ అతను ఒక్కసారి కూడా మళ్లీ చెప్పమనలేదేంటే?"

"బాగా చెప్పావు కదమ్మా."

"నాలుగో పేజీ మొత్తం వదిలేశాను. అప్పుడూ ఏమీ అనలేదు."

కథలక్కయ్యకు కళ్లముందు రోడ్డు మసకబారింది. కారు పక్కకు తీసి ఆపింది.

తల్లి కూతురి భుజం మీద చెయ్యి వేసింది. "పోనీలేవే. వచ్చే బుధవారం కూడా తీసుకెళ్తావా? ఊరికేనైనా సరే."

వచ్చే బుధవారం నుంచి ఆ గాజు గదిని అప్పటికే వేరే గొంతుకు ఇచ్చేశారు. అలా ఇచ్చిన కాగితం మీద సంతకం కథలక్కయ్యదే.